బోరు నీళ్లకు జుట్టు మెరుపు పోయింది, తిరిగి తెచ్చుకున్నవాళ్లు చెప్పండి

రాయగడ_కోడలు:
అక్కలూ, వదినలూ, పెళ్లై రాయగడ వచ్చాక నా జుట్టు కళ తప్పింది. ఊడడం ఎక్కువ లేదు. శ్రీకాకుళంలో ఉండగా నల్లగా నిగనిగలాడేది, ఇప్పుడు తలస్నానం చేసిన రోజు కూడా మసకబారి కనిపిస్తోంది. దువ్వెన పెడితే గరుకుగా తగులుతోంది. మా అపార్ట్‌మెంటులో బోరు నీళ్లే, హీటర్ రాడ్డుకు తెల్లగా సున్నం కడుతోంది. నూనె సరిపోవట్లేదని అత్తయ్యగారు అంటారు. పార్లర్‌లో స్మూతెనింగ్ చేయించుకోమని మా ఆడపడుచు అంటోంది. మన ఒడిశా వైపు ఊళ్లలో ఉన్నవాళ్లకి ఏది పనిచేసిందో కాస్త చెప్పండి.

పర్లాకిమిడి_టీచరమ్మ:
నూనె తక్కువై కాదమ్మా. ఆ హీటర్ రాడ్డు మీద కట్టిన సున్నమే మీ తల మీదా కడుతోంది. నేను పిల్లలకు కెమిస్ట్రీ చెప్తాను, కొంచెం వివరంగా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

వెంట్రుక పైపొరలో సన్నటి పొలుసులు ఇంటి పెంకుల్లా ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంటాయి. అవి అణిగి ఉంటే వెలుతురు తిన్నగా తిరిగొస్తుంది, అదే మనం చూసే మెరుపు. పొలుసులు లేచినా, వాటి మీద ఏదైనా పేరుకున్నా వెలుతురు చెదిరిపోతుంది, జుట్టు మసగ్గా కనిపిస్తుంది. బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ. సబ్బుతో తల రుద్దుకుంటే అవి సబ్బుతో కలిసి కరగని తెట్టుగా మారి వెంట్రుకకు అంటుకుంటాయి. పైగా సబ్బు క్షారం, దాని పీహెచ్ 9, 10 దగ్గర ఉంటుంది. జుట్టుకు కొద్దిగా ఆమ్ల గుణం ఉంటేనే పొలుసు అణిగి ఉంటుంది.

ముందు మీ నీళ్లు పరీక్ష చేసుకోండి, ఖర్చేమీ లేదు. మూత ఉన్న సీసాలో సగం దాకా బోరు నీళ్లు పోసి, ఒంటి సబ్బు చిన్న ముక్క చిదిమి వేసి గట్టిగా ఊపండి. ఇంకో సీసాలో ఆర్వో నీళ్లతో అదే పని చేయండి. బోరు సీసాలో నురగ రాకుండా విరిగిన పాలలా తేలితే సమస్య తెలిసిపోయినట్టే. నీళ్లు తాగడానికి బాగున్నాయి కదా అనుకోకండి. తాగే నీటికి బీఐఎస్ అనే భారత ప్రమాణాల సంస్థ పెట్టిన ప్రమాణంలో (ఐఎస్ 10500) మొత్తం కాఠిన్యం, అంటే నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం లెక్క, లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలి. వేరే నీళ్లు దొరకని చోట 600 వరకు ఒప్పుకుంటారు. ఆ 600 నీళ్లు తాగొచ్చు గానీ, వాటితో రోజూ తల తడిస్తే మెరుపు నిలవదు.

వంశధార_ఒడ్డు:
టీచరమ్మ చెప్పింది నిజం. మా గుణుపురంలో కొన్ని వీధులకు నది నీళ్లు, కొన్నింటికి బోరు. రెండు వీధుల ఆడపిల్లల జడలు చూస్తే తేడా తెలిసిపోతుంది.

నేను మాత్రం కుంకుడుకాయనే నమ్ముతాను. సబ్బులా అది బోరు నీళ్లకు విరిగిపోదు, తెట్టు కట్టదు. సంతలో రీఠా అంటే ఇస్తారు, ముడతలు పడి బంకగా ఉన్న కాయ చూసి తీసుకోండి. పార్వతీపురం వైపు వెళ్తే జీసీసీ (గిరిజన సహకార సంస్థ) దుకాణంలో కుంకుడుకాయలు, సీకాయ రెండూ కల్తీ లేకుండా దొరుకుతాయి. గింజ తీసి రాత్రి నానబెట్టి, పొద్దున్న ఒక పొంగు రానిచ్చి, చేత్తో పిసికి పలచటి గుడ్డలో వడకట్టాలి. చివర్లో నాలుగు మందారాకులు నలిపి ఆ జిగురు కలిపితే చిక్కు పడదు. వడకట్టడంలో బద్ధకించకూడదు, పిప్పి జుట్టులో ఉండిపోతే ఎంత కడిగినా పోదు. వారానికి ఒకసారి చాలు, ఎక్కువైతే కుంకుడు కూడా పొడిబారుస్తుంది.

బరంపురం_పార్లర్_అక్క:
చెల్లీ, నేను ఈ పనిలోనే బతుకుతున్నాను, అయినా స్మూతెనింగ్ వద్దనే చెప్తాను. దానికి వాడే కొన్ని క్రీముల్లో వేడి చేసినప్పుడు ఫార్మాల్డిహైడ్ ఆవిరి వస్తుంది, కళ్లు మండుతాయి, ఊపిరాడదు. ఫార్మాల్డిహైడ్ లేదని చెప్పి గ్లైయాక్సిలిక్ ఆసిడ్ ఉన్నవి అమ్ముతున్నారు. అవి వాడాక కిడ్నీలు దెబ్బతిన్న కేసులు వైద్య పత్రికల్లో వచ్చాయి. నీళ్ల వల్ల వచ్చిన ఇబ్బందికి అంత ప్రమాదం నెత్తిన పెట్టుకోవడం ఎందుకు?

పేరుకున్న సున్నం తీయడానికి క్లారిఫయింగ్ షాంపూ కొనండి. సీసా వెనక పదార్థాల్లో ఈడీటీఏ అనే పేరు ముందు వైపు ఉందో లేదో చూడండి, కాల్షియాన్ని పట్టి లాగేది అదే. మామూలు షాంపూల్లో కూడా చిటికెడు వేస్తారు, అది సరిపోదు. దీన్ని రెండు వారాలకోసారి వాడి, వెంటనే కండిషనర్ పెట్టండి. మిగతా రోజుల్లో తలస్నానం అయ్యాక లీటరు నీళ్లలో ఒక పెద్ద చెంచా వెనిగర్ కలిపి పోసుకుని, నిమిషం ఆగి మామూలు నీళ్లతో కడిగేయండి. వాసన ఆరేలోపే పోతుంది. చెంచా కొలత మించొద్దు, మాడు మండుతుంది.

వంటసోడా జోలికి అసలు వెళ్లకండి. అది క్షారం. మొదటిసారి జుట్టు తేలికైనట్టు అనిపిస్తుంది, తర్వాత పీచుగా తయారవుతుంది. వీడియోలు చూసి రుద్దుకొచ్చిన అమ్మాయిల జుట్టు విప్పలేక నా చేతులు నొప్పెడతాయి.

జయపురం_శ్రీను:
మా అమ్మ వానాకాలం అంతా తలకి వాన నీళ్లే పోసుకుంటుంది. మొదటి వాన వదిలేసి, చూరు కడిగాక పట్టిన నీళ్లు డ్రమ్ములో మూతపెట్టి ఉంచుతాం. ఆ నాలుగు నెలలూ అమ్మ జుట్టు చూసి అందరూ అడుగుతారు.

రాయగడ_కోడలు:
సీసా పరీక్ష చేశాను టీచరమ్మగారూ, బోరు నీళ్లు మీరన్నట్టే విరిగిపోయాయి. ఇంకో రెండు సందేహాలు. కుళాయికి బిగించే ఫిల్టరు కొనమంటారా? తరవాణి (పులియబెట్టిన గంజి నీళ్లు) పోసుకుంటే మెరుస్తుందని పక్కింటి ఒడియా మావుసీ చెప్పారు, నిజమేనా?

పర్లాకిమిడి_టీచరమ్మ:
కుళాయికి బిగించే చిన్న ఫిల్టర్లలో చాలావరకు క్లోరిన్, మట్టి ఆపేవే. కాల్షియం వాటిలోంచి దర్జాగా వచ్చేస్తుంది. రెసిన్ ఉండి, అప్పుడప్పుడు ఉప్పు నీళ్లతో కడగాల్సిన సాఫ్ట్‌నర్ (కాల్షియం తీసేసే మిషన్) అయితేనే ఉపయోగం. అది అపార్ట్‌మెంటు మొత్తానికి కలిసి పెట్టించుకునే వస్తువు. అప్పటిదాకా చివరి రెండు చెంబులు మాత్రం ఆర్వో నీళ్లు పోసుకోండి. ఆర్వో మిషన్ పక్క గొట్టం నుంచి వచ్చే వృథా నీళ్లు మాత్రం పనికిరావు, లవణాలన్నీ పోగుపడేది అందులోనే. చాలామంది పొదుపు కదా అని వాటితోనే స్నానం చేస్తారు. ఆర్వో లేనివాళ్లు నీళ్లు బాగా మరిగించి, చల్లార్చి, అడుగున తెల్లగా పేరుకున్నది కదలకుండా పైన తేట వంచుకోవచ్చు. బైకార్బనేట్ల వల్ల వచ్చిన కాఠిన్యం అలా తగ్గుతుంది. సల్ఫేట్లు, క్లోరైడ్ల వల్ల వచ్చినది మరిగించినా పోదు.

తరవాణి పులిసినది కాబట్టి కాస్త ఆమ్లం, దానివల్ల పొలుసు అణుగుతుంది. గంజి పిండి వెంట్రుక మీద పలచగా పట్టి మెరుస్తుంది కూడా. పలచన చేసి పోసుకుని శుభ్రంగా కడిగేయండి. కడగకపోతే ఆ పిండే పొరగా పేరుకుంటుంది.

గోపాల్‌పూర్_అల:
మేం నిమ్మరసం పిండుకుంటాం. పర్వాలేదా?

బరంపురం_పార్లర్_అక్క:
చెంబు నీళ్లలో నాలుగు చుక్కలైతే పర్వాలేదు. నేరుగా మాడుకు రుద్ది ఎండలోకి వెళ్తే చర్మం కమిలి నల్ల మచ్చలు వస్తాయి, జుట్టు రంగు కూడా వెలుస్తుంది. సముద్రం దగ్గర ఎండ, ఉప్పు గాలి ఎలాగూ ఎక్కువ, మీరు వెనిగరే వాడండి.

స్టాఫ్_నర్స్_కొరాపుట్:
నీళ్లు మార్చినా రెండు మూడు నెలల్లో తేడా కనిపించకపోతే రక్త పరీక్ష చేయించుకోండి. హిమోగ్లోబిన్‌తో పాటు ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ), టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష) అడగండి. థైరాయిడ్ తగ్గితే జుట్టు ఎండుగడ్డిలా తయారవుతుంది. మన ఆడవాళ్లలో ఐరన్ లోపం చాలా ఎక్కువ, ఐరన్ మాత్ర వేసుకున్న వెంటనే టీ తాగితే అది ఒంటికి పట్టదు, గంట తేడా ఉంచండి.

వంశధార_ఒడ్డు:
మరి నూనె సంగతి ఎవరూ చెప్పలేదేం? కొబ్బరినూనె మానేయమనా మీ ఉద్దేశం?

బరంపురం_పార్లర్_అక్క:
అయ్యో లేదు పిన్నీ. కొబ్బరినూనె వెంట్రుక లోపలికి దిగుతుంది, తలస్నానానికి ముందు పెడితే తడిసినప్పుడు మాంసకృత్తులు కారిపోకుండా కాస్తుంది. మినరల్ ఆయిల్ కలిపిన సువాసన నూనెలు పైపైనే ఉండిపోతాయి. రాత్రి కొంచెం రాసి పొద్దున్న కడిగేయడం మంచి పద్ధతి. సున్నం పేరుకున్న జుట్టుకు నూనె మీద నూనె రాసి, కడగకుండా దుమ్ములో తిరిగితేనే ఇంకా మసకబారుతుంది. ఇప్పటికే పీచైపోయిన కొసలు మాత్రం ఏం రాసినా బాగుపడవు, వెంట్రుకలో ప్రాణం ఉండదు కదా. నెలకు ఒక సెంటీమీటరు పైచిలుకు కొత్తది పెరుగుతుంది, కొసలు రెండు మూడు నెలలకోసారి కొద్దిగా కత్తిరిస్తూ వస్తే చాలు.

గుణుపురం_చిన్నది:
అక్కా, గోరింటాకు పెడితే మెరుస్తుందని మా అమ్మ నల్ల గోరింటాకు పొడి ప్యాకెట్ తెచ్చింది. పెట్టుకోవచ్చా?

బరంపురం_పార్లర్_అక్క:
అసలు గోరింటాకు ఎర్రగానే పండుతుంది, గంటలు పడుతుంది. అరగంటలో నల్లగా అవుతుందని రాసి ఉంటే అందులో రంగు మందు కలిసినట్టే. ప్యాకెట్ వెనక పీపీడీ అనో, పారాఫెనిలీన్‌డయమీన్ అనో ఉందేమో చూడు. ఉంటే మెరుపు కోసం అది పెట్టొద్దు. అమ్మ తెల్ల జుట్టుకి వాడాలనుకుంటే మోచేతి మడతలో కొంచెం రాసి రెండు రోజులు చూడమను. దురద గానీ వాపు గానీ వస్తే ప్యాకెట్ అక్కడితో పారేయండి.