క్యాష్ మన కాసేనా?

ప్రశ్న: ఇంగ్లిష్ 'క్యాష్' మన 'కాసు' నుంచే పుట్టిందని తరచూ వింటుంటాం. ధ్వని కలుస్తోంది, అర్థమూ కలుస్తోంది. నిఘంటువులేమో లాటిన్ మూలం చూపిస్తున్నాయి. ఏది సరైనది? ఫోన్‌లో క్లియర్ చేసే క్యాష్, సైన్యంలో అధికారిని 'క్యాషియర్' చేయడం, ఇవన్నీ ఒకే మాటా? తెలిసినవారు వివరించగలరు.

జవాబు: ఇంగ్లిష్‌లో క్యాష్ అనే నామవాచకాలు రెండున్నాయండీ. అక్షరాలు ఒకటే, పుట్టుకలు వేరు. మంచి నిఘంటువుల్లో వాటికి 1, 2 అని అంకెలు వేసి విడిగా ఇస్తారు. తగాదా అంతా ఆ అంకెలు చూడకపోవడం వల్లే.

మనం జేబులో పెట్టుకునే క్యాష్ మొదటిది. లాటిన్‌లో 'కాప్సా' అంటే పెట్టె. అది ఇటాలియన్‌లో 'కాస్సా', ఫ్రెంచ్‌లో 'కెస్' అయింది. ఇంగ్లిష్‌లోకి వచ్చిన కొత్తలో క్యాష్ అంటే డబ్బు కాదు, డబ్బు పెట్టుకునే పెట్టె. మన గల్లాపెట్టె అన్నమాట. 1598లో జాన్ ఫ్లోరియో తన ఇటాలియన్-ఇంగ్లిష్ నిఘంటువులో 'కాస్సా'కు వర్తకుడి క్యాష్ అనే అర్థం ఇచ్చాడు. అక్కడ అది పెట్టే. తర్వాత పెట్టె పేరు పెట్టెలోని సొమ్ముకు పాకింది. కాసు నుంచే వచ్చి ఉంటే తొలి అర్థం నాణెం కావాలి గానీ, పెట్టె ఎందుకవుతుంది? ఈ ఒక్క ఆధారం చాలు.

రెండో క్యాష్ మాత్రం నిస్సందేహంగా మన దక్షిణాది మాట. అది చిన్న రాగి నాణెం పేరు. తమిళ 'కాశు' పోర్చుగీసువారి నోట 'కైషా' అయి, అక్కడి నుంచి ఇంగ్లిష్‌కు చేరింది. తమాషా ఏమిటంటే, పోర్చుగీసులో పెట్టెకూ 'కైషా' అనే అంటారు. అందుకే ఈ రెండు మాటలూ ఇంగ్లిష్ కంటే ముందే ఒకదాన్నొకటి పోలిపోయాయి. చైనాలో మధ్యన చదరపు కన్నం ఉండి, దారానికి గుచ్చుకునే నాణేలను ఇంగ్లిష్‌వాళ్లు క్యాష్ అన్నారు. అదీ ఈ రెండో మాటే. అంటే చైనా నాణేనికి ఇంగ్లిష్‌లో స్థిరపడ్డ పేరు తమిళం నుంచి వెళ్లింది.

ఇంకో జవాబు: ఆ రెండో క్యాష్ మద్రాసు లెక్కల్లో ఎలా నడిచిందో చేరుస్తాను. 80 క్యాష్‌లు ఒక ఫణం, 42 ఫణాలు ఒక పగోడా, అంటే మన వరహా. వరహాకు 3,360 కాసులన్నమాట. 1818లో మద్రాసులో రూపాయి ప్రమాణమైనప్పుడు పగోడాకు మూడున్నర రూపాయలు కట్టారు. ఈ లెక్కన రూపాయికి 960 కాసులు.

ఈస్టిండియా కంపెనీ ఇంగ్లండులో కొట్టించిన 20 క్యాష్‌ల రాగి నాణెం చూస్తే సందేహమే ఉండదు. ఇంగ్లిష్‌లో 'క్యాష్' అని ఉన్నచోటికి సరిగ్గా పారశీ లిపిలో 'కాస్' అని ఉంటుంది: 'బీస్త్ కాస్ చహార్ ఫలూస్ అస్త్', అంటే 20 కాసులు 4 ఫలూసులు (ఫలూసు అంటే రాగి నాణెం). ఇలాంటి నాణేలతో బయల్దేరిన అడ్మిరల్ గార్డ్‌నర్ ఓడ 1809 జనవరిలో ఇంగ్లండు తీరం దాటకముందే గుడ్విన్ ఇసుకతిన్నెల దగ్గర మునిగింది. దానిలోంచి తీసిన కాసులు నేటికీ నాణేల సంతల్లో దొరుకుతాయి.

20 క్యాష్‌ల నాణేన్ని కంపెనీవాళ్లు 'డబ్' అని రాసుకున్నారు. అదే మన డబ్బు. రాయలసీమలో వినిపించే దుడ్డు కూడా నాణెం పేరే. తెలంగాణలో పైసలూ అంతే. తెలుగులో ఒక్కో నాణెం పేరు పెరిగి మొత్తం ధనానికి పేరైంది. ఇంగ్లిష్‌లో పెట్టె పేరు ఆ పని చేసింది. కాసుకు ఇంకో దారి దొరికింది: కోస్తాలో కాసు బంగారమంటే 8 గ్రాములు, ఇంచుమించు సవరను బరువు. కాసులపేరులో అది నగ భాగమైంది.

కాసు అచ్చ ద్రావిడ పదమా, సంస్కృత 'కర్ష' నుంచి వచ్చిందా అన్నదానిపై రెండు వాదాలున్నాయి. కర్షం 16 మాషాల తూకం. ఏదైనా జేబులోని క్యాష్ సంగతి మారదు.

మూడో జవాబు: మిగతా రెండు ప్రశ్నలకు.

క్యాషియర్ కూడా రెండు మాటలే. బ్యాంకు క్యాషియర్ పెట్టె వైపు చుట్టం. సైనికాధికారిని అవమానకరంగా తొలగించడం అనే క్రియ డచ్చి 'కాస్సేరెన్' నుంచి వచ్చింది, దాని వెనక ఫ్రెంచ్ 'కాసే', అంటే విరగ్గొట్టడం, రద్దు చేయడం. బ్రిటిష్ సైన్యంలో 1871 వరకూ పదవులు కొనుక్కునేవారు. క్యాషియర్ అయిన అధికారికి ఆ పెట్టుబడి కూడా తిరిగి వచ్చేది కాదు. కాబట్టి దీన్ని 'డిశ్చార్జి' అనో 'రాజీనామా' అనో అనువదించకూడదు. 'అవమానకరంగా బర్తరఫ్' అనాలి.

ఈ క్రియకు తోడబుట్టిన మాట మన పత్రికల్లో రోజూ కనిపిస్తుంది: క్వాష్. 'హైకోర్టులో క్వాష్ పిటిషన్' అనేదాంట్లో ఉన్నది ఆ రద్దే. పాత నేర విచారణ చట్టం సీఆర్‌పీసీలో 482, ఇప్పుడు దాని స్థానంలో వచ్చిన బీఎన్ఎస్ఎస్‌లో 528 సెక్షన్ కింద వేసేది. ఆ క్వాష్‌లో కొట్టివేసేది కేసును. ఈ 'కేసు' లాటిన్ 'కాసుస్' నుంచి వచ్చింది, అంటే పడటం, సంభవించడం. వ్యాకరణంలో మనం విభక్తి అనే 'కేస్' కూడా అదే. సూట్‌కేస్‌లోని కేస్ మాత్రం మళ్లీ ఆ కాప్సా పెట్టే.

ఫోన్‌లోది ఫ్రెంచ్ 'కాషే' అనే క్రియ నుంచి, దాచడం అని అర్థం. కెనడాలో బొచ్చుతోళ్ల వేటగాళ్లు సరుకులు దాచిన గొయ్యికి వాడిన పేరు. 1968లో ఐబీఎం తన 360 శ్రేణి 85వ మోడల్‌లో ప్రాసెసర్ పక్కన పెట్టిన వేగవంతమైన చిన్న మెమొరీకి ఈ పేరిచ్చింది. ఇంగ్లిష్‌లో దీనికీ డబ్బు క్యాష్‌కూ ఉచ్చారణ ఒకటే. తెలుగు లిపిలో రెండూ 'క్యాష్' అవుతాయి కాబట్టి చదివేవారు పొరబడతారు. డబ్బుకు నగదు లేదా రొక్కం రాసి, కంప్యూటర్‌దానికి 'కాష్' ఉంచితే సరిపోతుంది. ఆయుధాలు దాచిన చోటుకైతే విలేకరులు వాడే 'డంపు' చక్కటి మాట.

నాలుగో జవాబు: అనువాదకులకు ఒక్క మాట. నగదు, డబ్బు ఒకటి కావు. ఖాతాలో ఉన్నది డబ్బే, చేతికొచ్చేదాకా నగదు కాదు. చెక్కును 'నగదు చేయడం' అని రాస్తున్నారు, జనం 'మార్చుకోవడం' అంటారు. 'క్రేజ్‌ను క్యాష్ చేసుకోవడం' అని సినిమా పేజీల్లో వస్తున్నదానికి 'సొమ్ము చేసుకోవడం' ఎప్పటినుంచో ఉంది. జీడిపప్పును కూడా ఈ కుటుంబంలో కలపకండి. 'క్యాషూ' బ్రెజిల్‌లోని టూపీ భాష నుంచి పోర్చుగీసు 'కజు' మీదుగా వచ్చింది, పెట్టెతోనూ కాసుతోనూ దానికి సంబంధం లేదు.