అప్‌డేట్: ఫాల్కర్క్ వీల్, కెల్పీస్ ఒకే రోజులో కుదురుతాయా?

స్కాట్లాండ్‌లోని ఫాల్కర్క్ వీల్ (పడవల్ని ఒక కాలువ నుంచి ఇంకో కాలువకి ఎత్తే తిరిగే యంత్రం), కెల్పీస్ (భారీ గుర్రపు తలల శిల్పాలు), ఈ రెండూ ఎడిన్‌బరో నుంచి రైల్లో వెళ్లి ఒకే రోజులో చూడొచ్చా అని ఇంతకుముందు అడిగాను కదా. కుదురుతుంది, వీల్ ఎక్కే పడవ టికెట్ ముందే బుక్ చేసుకుంటే.

గూగుల్‌లో దగ్గరగా కనిపించేది క్యామెలన్ స్టేషనే అయినా, నడవగలిగితే ఫాల్కర్క్ హైలో దిగండి. పక్కనే యూనియన్ కెనాల్. గట్టు వెంట పడమరకి సుమారు 3 కిలోమీటర్లు, దాదాపు చదును, నేరుగా వీల్ పైభాగానికి చేరతారు. తూర్పుకి తిరిగితే 630 మీటర్ల పాత సొరంగం వస్తుంది. లోపల రాళ్లు ఎగుడుదిగుడు, పైనుంచి నీళ్లు కారుతుంటాయి. పెద్దవాళ్లతో వద్దు.

1933లో మూసేసిన 11 లాకుల (పడవల్ని మెట్టు మెట్టుగా ఎత్తి దించే నీటి గదులు) బదులు 2002లో ఈ వీల్ వచ్చింది. 24 మీటర్లు ఎత్తుతుంది. వీల్‌కి రెండు వైపులా నీటి తొట్లుంటాయి. వాటిలోకి పడవ వచ్చినా రాకపోయినా రెండు తొట్ల బరువూ సమానమే: పడవ తన బరువంత నీటిని బయటికి నెట్టేస్తుంది. అందుకే ఒక తిప్పుకి సుమారు 1.5 యూనిట్ల కరెంటు చాలు. నీటిమట్టాలు తేడా వస్తే మాత్రం ఈ లెక్క చెడుతుంది. తిరగడం కింద నుంచి ఉచితంగా చూడొచ్చు, నిజానికి యంత్రం పనితనం అక్కణ్నుంచే బాగా తెలుస్తుంది.

రోమన్ల రఫ్ క్యాజిల్ కోట నడిచే దూరంలోనే ఉంది కానీ వాన పడితే దారంతా బురద. కెల్పీస్‌కి గట్టు మీదుగా 4 మైళ్ల పైమాటే. సైకిల్ లేకపోతే బస్సో ట్యాక్సీయో పట్టుకోండి. 30 మీటర్ల ఆ ఉక్కు గుర్రపు తలలు దీపాలు వెలిగాకే అందం.