సాల్బుటమాల్ ఇన్‌హేలర్: బ్రాండా, జనరికా?

ప్రశ్న: ఆస్తమాకి పీల్చే సాల్బుటమాల్ మందు ఇన్‌హేలర్లలో ఒక డబ్బా మీద ఒక్కో స్ప్రేకి 100 మైక్రోగ్రాములు, ఇంకోదాని మీద 90, మరోదాని మీద 108 అని ఉంటుంది. తక్కువ అంకె ఉన్న జనరిక్‌లో (బ్రాండు పేరు లేని అదే మందులో) మందు తక్కువేనా? స్ప్రే కూడా మెత్తగా వస్తోంది.

జవాబు 1: కాదండీ, మూడూ ఒకటే మోతాదు. డబ్బా వాల్వు నుంచి వచ్చేచోట కొలిస్తే 100, నోటి గొట్టం బయట కొలిస్తే 90. మందు సల్ఫేట్ అనే లవణం రూపంలో ఉంటుంది కాబట్టి, ఆ 90నే మొత్తం లవణం బరువుగా రాస్తే 108.

జవాబు 2: స్ప్రే వేగం, రుచి మారేది మందు వల్ల కాదు. కొన్నిటిలో ఆల్కహాల్ కలుస్తుంది, కొన్నిటిలో ఉండదు. పైగా ప్లాస్టిక్ తొడుగులో రంధ్రం ఒక్కో కంపెనీది ఒక్కోలా ఉంటుంది. అందుకే ఒకదాని డబ్బాని ఇంకోదాని తొడుగులో పెట్టకండి, మోతాదు తప్పుతుంది. ఆ రంధ్రం చుట్టూ తెల్లటి పొడి పేరుకుంటే స్ప్రే మెత్తబడుతుంది. వారానికోసారి లోహపు డబ్బా తీసేసి, తొడుగుని గోరువెచ్చని నీటి ధార కింద 30 సెకన్లు కడిగి, రాత్రంతా ఆరనివ్వండి. కొత్తదైనా, రెండు వారాలు వాడకపోయినా, ముందు గాల్లోకి మూడు నాలుగుసార్లు కొట్టాలి. ఎన్నిసార్లో ఇన్‌హేలర్‌తో వచ్చే కరపత్రంలో ఉంటుంది.

జవాబు 3: ఒక్క హెచ్చరిక. అమెరికాలో డాక్టర్ చీటీ లేకుండా అమ్మే ప్రైమటీన్ మిస్ట్ అనే ఇన్‌హేలర్ సాల్బుటమాల్‌కి జనరిక్ కాదు. అందులో ఉండేది ఎపినెఫ్రిన్ (అడ్రినలిన్) అనే వేరే మందు, ఒక్కో స్ప్రేకి 0.125 మిల్లీగ్రాములు. గుండెజబ్బు, బీపీ ఉన్నవాళ్లు డాక్టర్ని అడగకుండా దాని జోలికి వెళ్లొద్దు.