నాలుగు నెలల పాపకి పాలిస్తున్నాను, మంగుకీ కళ్ల కింద గీతలకీ ఏం వాడొచ్చు? (బెంగళూరు)

మారతహళ్లి_అమ్మ:
అందరికీ నమస్కారం అండి. వయసు 33, పాపకి నాలుగు నెలలు, పూర్తిగా తల్లిపాలే. కడుపుతో ఉన్నప్పుడు ఏడో నెలలో బుగ్గల మీద వచ్చిన మంగు ఇంకా పోలేదు. ఇప్పుడు కళ్ల కింద, నవ్వితే కళ్ల చివర్లలో సన్నని గీతలు. స్నానమైన పది నిమిషాలకే బుగ్గలు బిగుసుకుపోతాయి, ముక్కూ నుదురూ మాత్రం జిడ్డు. మాకు ట్యాంకర్ నీళ్లే. గర్భం రాకముందు వాడిన 0.3 శాతం రెటినాల్ (విటమిన్ ఎ రకం) సీరమ్ సగం సీసా మిగిలి ఉంది, మళ్లీ మొదలుపెట్టొచ్చా? పొద్దున ఐదు నిమిషాలు, రాత్రి ఐదు నిమిషాలకు మించి కుదరదు. అత్తగారు పాపతో పాటు నన్నూ సున్నిపిండి రుద్దుకోమంటున్నారు, ముఖానికి మంచిదేనా?

ఫార్మసీ_అక్క:
ఆ సీసా పారేయమ్మా. మూత తీసి ఏడాది దాటిన రెటినాల్ గాలికీ వెలుతురుకీ చాలావరకు పాడైపోయి ఉంటుంది. కొత్తది కొనడం కూడా ఇప్పుడు వద్దు. చర్మం మీద పూసింది ఒంట్లోకి వెళ్లేది చాలా తక్కువే, అయినా పాలిచ్చే రోజుల్లో డాక్టర్లు సాధారణంగా ఆపమనే చెబుతారు. పైగా నాలుగు నెలల పిల్ల బుగ్గకి మూతి ఆనించి చప్పరిస్తుంది. రెటినాల్‌తో చర్మం రేగితే మంగు ఇంకా ముదురుతుంది కూడా.

ముందు ఒక పరీక్ష చేసి చూడు. ముఖం కడిగి, తడి పూర్తిగా ఆరకముందే కళ్ల కింద మాయిశ్చరైజర్ అద్ది, పది నిమిషాలాగి కిటికీ దగ్గర అద్దంలో చూడు. గీత సగానికి పైగా తగ్గిందంటే అది ముడత కాదు, పొడిబారడం. కాన్పయ్యాక ఈస్ట్రోజన్ ఒక్కసారిగా పడిపోతుంది, పాలిస్తున్నంత కాలం తక్కువగానే ఉంటుంది, చర్మం ఎండిపోవడానికి అదొక కారణం. దానికి తోడు నిద్ర లేకపోవడం, ట్యాంకర్ నీళ్లు. ట్యాంకర్‌లో వచ్చేవి ఎక్కువగా బోరు నీళ్లే, వాటిలోని కాల్షియం, మెగ్నీషియం మామూలు సబ్బుతో కలిసి తెల్లటి తెట్టులా చర్మం మీదే ఉండిపోతాయి. అందుకే సబ్బు మానేసి, సబ్బు లేని క్లెన్సర్ రాత్రి ఒక్కసారే వాడు. పొద్దున ఉత్త నీళ్లు చాలు. ఆఖరి రెండు దోసిళ్లు తాగే నీళ్లతో కడిగితే తేడా తెలుస్తుంది.

పొద్దున: నీళ్లతో కడగడం, తడి మీద సెరమైడ్ (చర్మంలో సహజంగా ఉండే కొవ్వు), గ్లిజరిన్ ఉన్న మాయిశ్చరైజర్ బఠానీ గింజలు రెండంత, రెండు నిమిషాలాగి సన్‌స్క్రీన్. రాత్రి: క్లెన్సర్, అజెలాయిక్ ఆసిడ్ (మచ్చలు తగ్గించేది) 10 శాతం జెల్ బఠానీ గింజంత మంగు ఉన్నచోట, పైన అదే మాయిశ్చరైజర్. అజెలాయిక్ పాలిచ్చేవాళ్లకి ఫరవాలేదు. మొదటి రెండు వారాలు రోజు విడిచి రోజు రాయి. చీమలు పాకినట్టు చురచురలాడుతుంది, అది మామూలే. మంటపుట్టి ఎర్రబడితే మాత్రం కడిగేసి, ఈసారి ముందు మాయిశ్చరైజర్ రాసి దాని మీద జెల్ వెయ్యి. ఫలితం కనిపించడానికి కనీసం 12 వారాలు పడుతుంది, నాలుగో వారంలో విసుగొచ్చి మార్చేయకు.

సున్నిపిండి ఒంటికి వాడుకో, ముఖానికి వద్దు. పిండిలో చెడేమీ లేదు, రుద్దడంతోనే తంటా. మంగు ఉన్న చర్మం రాపిడికి నల్లబడుతుంది. నిమ్మరసం అసలే వద్దు, అది రాసుకుని ఎండలోకి వెళ్తే బొబ్బలొచ్చి మచ్చలు మిగులుతాయి.

ఎండ_గొడుగు:
పైన అక్క చెప్పింది సరే, సన్‌స్క్రీన్ దగ్గర ఇంకొంచెం ఆగాలి. ఎక్కువమంది ఓడిపోయేది అక్కడే.

బెంగళూరు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తులో ఉంది. గాలి చల్లగా ఉంటుంది కాబట్టి ఎండ తెలీదు, కానీ మార్చి, ఏప్రిల్ మధ్యాహ్నాల్లో యూవీ (ఎండలోని అతినీలలోహిత కిరణాలు) చెన్నైకేమీ తీసిపోదు. చల్లదనానికీ యూవీకీ సంబంధం లేదండి. పాపని బాల్కనీలో పొద్దుటెండకి పట్టుకుని నిలబడతారు చూడండి, పాప తల మీద మీ చెయ్యి నీడ ఉంటుంది, మీ ఎడమ బుగ్గ మీద ఏమీ ఉండదు. క్యాబ్‌లో పక్క అద్దం యూవీబీని (చర్మాన్ని కాల్చే రకం) ఆపుతుంది, యూవీఏ (చర్మంలో లోతుకి వెళ్లే రకం) మాత్రం చాలావరకు లోపలికి వస్తుంది. గీతలకీ మంగుకీ ఆ యూవీఏనే ఎక్కువ కారణం.

కొలత: చూపుడు వేలు, మధ్య వేలు మొదలు నుంచి చివరిదాకా సన్‌స్క్రీన్ రెండు గీతలు, ముఖానికీ మెడకీ కలిపి. సుమారు ఒక గ్రాము. రోజుకి రెండుసార్లు రాస్తే 50 గ్రాముల ట్యూబు 25 రోజుల్లో అయిపోవాలి. మీ ట్యూబు మూడు నెలలు వస్తోందంటే ఎస్‌పీఎఫ్ (ఎండ నుంచి కాపాడే కొలత) 50 అని దాని మీద రాసి ఉన్నా మీ ముఖం మీద పనిచేసేది అందులో కొంతే. ఒక్కసారే అంత రాస్తే ఉండలు కడుతుంది, సగం సగంగా రెండు పొరలు వేయండి.

మంగు ఉంది కాబట్టి ఐరన్ ఆక్సైడ్ (రంగునిచ్చే ఖనిజం) ఉన్న లేత రంగు (టింటెడ్) సన్‌స్క్రీన్ తీసుకోండి. మంగుని మామూలు వెలుతురు కూడా ముదర పెడుతుంది, తెల్ల సన్‌స్క్రీన్లు దాన్ని పెద్దగా ఆపలేవు. ఎస్‌పీఎఫ్ 30 పైన, పీఏ (యూవీఏని ఆపే కొలత) ప్లస్‌లు మూడో నాలుగో ఉంటే చాలు. జింక్ ఆక్సైడ్ రకమైతే పాప బుగ్గ ఆనించే చోటికి నిశ్చింత. పాలు పట్టాక రాసి, ఆరనిచ్చి ఎత్తుకోండి, భుజం మీద ఒక నూలు గుడ్డ వేసుకోండి. ఛాతీ మీద మాత్రం ఏ సీరమూ వద్దు.

చెన్నైలో ఉన్నవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే: ఉక్కపోతలో క్రీము సన్‌స్క్రీన్ చెమటతో కళ్లలోకి కారి మండుతుంది. జెల్ రకం, చెమటకి తట్టుకునేది తీసుకుని, మాయిశ్చరైజర్ మానేసినా ఫరవాలేదు.

డెర్మా_నోట్స్:
విటమిన్ సి గురించి ఎవరూ రాయలేదు. గీతలకి మంచిదే, పాలిచ్చేటప్పుడు వాడొచ్చు. కానీ బుగ్గలు బిగుసుకుంటున్న చర్మానికి అజెలాయిక్‌తో పాటు ఒకేసారి మొదలుపెడితే, రేగినప్పుడు దేనివల్లో తెలీదు. ఆరు వారాలు గడిచి, బిగుతు పోయాక పొద్దున 10 శాతంతో మొదలుపెట్టండి, మూడు నాలుగు చుక్కలు, మాయిశ్చరైజర్‌కి ముందు. ఫ్రిజ్‌లో పెట్టుకోండి. నీళ్లలా ఉన్న సీరమ్ టీ డికాక్షన్ రంగుకి తిరిగితే పని అయిపోయినట్టే.

ఇంకో ముఖ్యమైన మాట. వారంలో మంగు పోతుందని మందుల షాపులో చేతికిచ్చే ట్యూబు తీసుకోకండి. వెనక తిప్పి చూడండి: హైడ్రోక్వినోన్ (చర్మాన్ని తెల్లబరిచేది), ట్రెటినాయిన్ (రెటినాల్ జాతి మందు), మొమెటాసోన్ (స్టెరాయిడ్) కలిసి కనిపిస్తే అది స్టెరాయిడ్ కలిపిన క్రీము. మొదటి వారం ముఖం మెరుస్తుంది. నెలల తరబడి రాస్తే చర్మం పల్చబడి ఎర్ర నరాలు తేలతాయి, ఆపితే మంట. హైడ్రోక్వినోన్ చర్మం గుండా బాగానే లోపలికి వెళ్తుంది, పాలిచ్చేవాళ్లు దూరంగా ఉండాలి.

పొడిదనంతో పాటు విపరీతమైన నీరసం, మలబద్ధకం, గుండెదడ లాంటివి ఉంటే టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ) చూపించుకోండి. కాన్పయిన ఏడాదిలోపు థైరాయిడ్ తేడా రావడం అరుదేం కాదు, దానికి క్రీములు పనిచేయవు.

మారతహళ్లి_అమ్మ:
చాలా థాంక్స్ అండి. అద్దం పరీక్ష చేశాను, కళ్ల కిందవి దాదాపు పోయాయి, కళ్ల చివర్లవి అలాగే ఉన్నాయి. అయితే పాలు మాన్పించాక రెటినాల్ ఎలా మొదలుపెట్టాలి?

ఫార్మసీ_అక్క:
చివర్లవి అసలు గీతలేనమ్మా, వాటికి రెటినాల్ పనికొస్తుంది. పాలు మాన్పించాక 0.1 శాతంతో, వారానికి రెండు రాత్రులు, ముఖమంతటికీ కలిపి బఠానీ గింజంతే. ముందు మాయిశ్చరైజర్, పైన రెటినాల్, మళ్లీ మాయిశ్చరైజర్. ఆ రాత్రుల్లో అజెలాయిక్ వద్దు. నెల గడిచాక పొట్టు లేవకపోతే మూడు రాత్రులు చెయ్యి. రెండో బిడ్డ ఆలోచన ఉంటే ప్రయత్నం మొదలుపెట్టకముందే ఆపేయాలి.