బీపీ మిషన్ ప్రతిసారీ వేరే అంకె చూపిస్తోంది, దేన్ని నమ్మాలి?

ప్రశ్న:
ఇంట్లో ఆటోమేటిక్ మిషన్‌తో చూస్తే ఒకసారి 148/88, ఐదు నిమిషాలాగి చూస్తే 134/82. పట్టీ మామూలు సైజు, జబ్బ చుట్టుకొలత 36 సెం.మీ. వయసు 61, షుగర్ లేదు, రోజూ ఒక మాత్ర. ఇందులో ఏది అసలు బీపీ? పై అంకెను 120కి దించాలని పరిశోధనల్లో తేలిందంటున్నారు, నిజమేనా? మాత్ర రాత్రిపూటకు మార్చుకుంటే గుండెకు మేలా?

జవాబు 1:
ముందు పట్టీ మార్చండి. మామూలు పట్టీ దాదాపు 32 సెం.మీ. జబ్బ వరకే పనికొస్తుంది. అంతకంటే లావు చేతికి అది చుడితే రక్తనాళం నొక్కుకోవడానికి గాలి ఎక్కువ ఎక్కాలి, దాంతో అంకె పెరిగిపోతుంది. 2023లో వచ్చిన జాన్స్ హాప్కిన్స్ (అమెరికా విశ్వవిద్యాలయం) అధ్యయనంలో, పెద్ద పట్టీ కావలసినవాళ్లకు మామూలుది చుడితే పై అంకె సగటున 5 పాయింట్లు ఎక్కువొచ్చింది. ఇంకా పెద్దది కావలసినవాళ్లకు దాదాపు 20! లేని బీపీకి మాత్ర మొదలుపెట్టించేంత తేడా అది.

చెయ్యి ఎక్కడ పెట్టారన్నదీ ముఖ్యమే. 2024లో అదే సంస్థ చూసిన లెక్క ప్రకారం చెయ్యి ఒళ్లో పెట్టుకుంటే సుమారు 4, పక్కన వేలాడేస్తే 6.5 పాయింట్లు పెరుగుతుంది. బల్ల మీద ఆనించండి, పట్టీ గుండె ఎత్తులో ఉండాలి. చొక్కా చేతి మీదుగా చుట్టకండి.

చూసే పద్ధతి: కాఫీ, పొగ, వ్యాయామం అయ్యాక అరగంట ఆగాలి. మూత్రానికి వెళ్లొచ్చి, వీపు ఆనించి, పాదాలు నేలకు మోపి, మాట్లాడకుండా 5 నిమిషాలు కూర్చోవాలి. నిమిషం తేడాతో రెండుసార్లు చూడండి. ఉదయం మాత్రకు ముందు, మళ్లీ సాయంత్రం, ఇలా 7 రోజులు. మొదటి రోజువి వదిలేసి మిగతా అన్నిటికీ సగటు తీయండి. అసలు బీపీ అంటే ఆ సగటే. ఇంటి లెక్కలో 135/85 దాటితే ఎక్కువ అన్నట్టు. తక్కువగా వచ్చినవే రాసుకునే అలవాటు చాలామందికి ఉంటుంది, దయచేసి అలా చేయకండి.

జవాబు 2:
120 మాట 2015 నాటి స్ప్రింట్ పరిశోధనది. అమెరికాలో 50 దాటి, గుండెజబ్బు ముప్పు ఎక్కువగా ఉన్న 9,361 మందిని రెండు గుంపులు చేశారు. షుగర్, పక్షవాతం వచ్చినవాళ్లను తీసుకోలేదు. 140 లోపు ఉంచిన గుంపుకంటే 120 లోపు లక్ష్యంగా పెట్టుకున్న గుంపులో గుండెపోటు, పక్షవాతం, గుండె వైఫల్యంలాంటివి కలిపి 25 శాతం, మరణాలు 27 శాతం తగ్గాయి. అయితే అసలు సంఖ్యల్లో చూస్తే ఏడాదికి 2.19 శాతం మందికి వచ్చేది 1.65 శాతానికి దిగింది. సగటున మూడు రకాల మందులు పట్టాయి. కళ్లు తిరిగి పడిపోవడం, లవణాలు తగ్గడం, కిడ్నీ దెబ్బతినడం ఎక్కువయ్యాయి. అక్కడ బీపీ చూసింది కూడా ఐదు నిమిషాలు కూర్చోబెట్టి, మూడుసార్ల సగటుతో. హడావిడిగా చూసిన అంకెను ఆ 120తో పోల్చి మాత్రలు పెంచితే మోతాదు మించుతుంది.

డాక్టరు మందు పెంచితే లేచి నిలబడ్డాక 1, 3 నిమిషాలకు కూడా చూడండి. పై అంకె 20 గానీ కింది అంకె 10 గానీ పడిపోతే వెంటనే చెప్పండి. ఇంకోటి, ఉన్న మాత్రనే రెట్టింపు చేయడంకంటే వేరే తరగతి మందు కొద్దిగా కలిపితే బీపీ బాగా దిగుతుంది.

జవాబు 3:
మాత్ర వేళ గురించి బెంగ వద్దండీ. బ్రిటన్‌లో టైమ్ పరిశోధన 21,104 మందితో జరిగింది, 2022లో ఫలితాలొచ్చాయి. ఉదయం వేసుకున్నా రాత్రి వేసుకున్నా గుండెపోటు, పక్షవాతాల్లో తేడా లేదు. మరిచిపోని వేళే మంచి వేళ. మూత్రం ఎక్కువ తెప్పించే మాత్రయితే మాత్రం ఉదయమే, లేదంటే నిద్ర చెడుతుంది.

ప్రశ్న వేసినవారు:
పెద్ద పట్టీ తెప్పిస్తాను. పొటాషియం కలిసిన ఉప్పు వాడొచ్చా?

జవాబు 3:
ఈ ఉప్పు మీద చైనాలో 600 గ్రామాల్లో, 20,995 మందితో పరిశోధన చేశారు. 75 శాతం సోడియం క్లోరైడ్, 25 శాతం పొటాషియం క్లోరైడ్ ఉన్న ఉప్పు వాడినవాళ్లలో పక్షవాతం 14 శాతం తగ్గింది. కానీ కిడ్నీ జబ్బు ఉంటే వద్దు. స్పైరనోలాక్టోన్, టెల్మిసార్టాన్, రామిప్రిల్‌లాంటి, పొటాషియం పెంచగల బీపీ మందులు వేసుకుంటుంటే ముందు క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చూపేది), పొటాషియం పరీక్షలు చేయించి డాక్టర్ని అడగండి. రక్తంలో పొటాషియం పెరిగితే గుండె లయ తప్పుతుంది, పైకి ఏ లక్షణమూ కనిపించకపోవచ్చు.