త్రీ సిక్స్ మాఫియా: ఆస్కార్ కోసం హారర్‌ను వదిలేసిందా?

రాత్రిరేడియో:
2023లో 'నాటు నాటు'కు ఆస్కార్ వచ్చినప్పటి నుంచి ఒక మాట వింటున్నాను. 2006లో అదే ఉత్తమ పాట విభాగంలో అమెరికాలోని మెంఫిస్ ర్యాప్ గ్రూపు త్రీ సిక్స్ మాఫియా గెలిచిందని, అందుకోసం శవాలూ సైతానూ నిండిన తన హారర్‌ను అమ్ముకుందని. గెలిచింది నిజం. అమ్ముకుందంటే మాత్రం ఒప్పుకోను.

'హసల్ అండ్ ఫ్లో' సినిమా కోసం చేసిన ఆ పాటలో శవాలూ సైతానూ లేవు. కానీ ఈ గ్రూపులో భయం మాటల్లో కంటే శబ్దంలోనే ఎక్కువ. 1991లో డీజే పాల్, జ్యూసీ జే, లార్డ్ ఇన్ఫేమస్ మొదలుపెట్టినప్పుడు వెనక పెద్ద కంపెనీ లేదు. టేపులు కాపీ చేసి చేతుల మీద అమ్మేవారు. కాపీకి కాపీ తీసేకొద్దీ గరగర పెరుగుతుంది, గొంతు ఎక్కడో మూసిన గదిలోంచి వస్తున్నట్టుంటుంది. దాని కింద హారర్ సినిమా సంగీతం లాంటి రెండు మూడు స్వరాలే మళ్లీ మళ్లీ తిరుగుతుంటాయి. 1995 నాటి 'మిస్టిక్ స్టైలెజ్' ఆల్బమ్‌ను హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినండి, తెలుస్తుంది.

గోదారిగట్టు:
శబ్దం బాగుంటుంది, కాదనను అన్నా. మాటల్ని అంత తేలిగ్గా దాటేస్తే ఎలా? పేరులోనే సైతాను అంకెగా చెప్పే 666 ఉంది. మొదట్లో ట్రిపుల్ సిక్స్ మాఫియా అనే పిలుచుకున్నారు. అప్పట్లో హారర్ ఒక గాలి. 1994లో న్యూయార్క్‌లో గ్రేవ్‌డిగ్గాజ్, ఫ్లాట్‌లైనర్జ్ అనే ర్యాప్ గ్రూపులు కూడా అదే పట్టుకున్నాయి. గాలి మళ్లగానే వీళ్లు క్లబ్బు పాటల్లోకి వెళ్లారు. 2000లో ప్లాటినమ్ అయిన (పది లక్షల కాపీలు దాటిన) ఆల్బమ్‌లో జనం పట్టుకున్నది దగ్గు సిరప్ మత్తు పాటని, దయ్యాల పాటని కాదు. ఆస్కార్ పాట ఒక పింప్ (వేశ్యల దళారి) కష్టాల మీద. ఇందులో హారర్ ఎక్కడ మిగిలింది?

మెంఫిస్‌శ్రావ్య:
మీరిద్దరూ ఆ గ్రూపులోని ర్యాపర్ గ్యాంగ్‌స్టా బూ ఊసే ఎత్తలేదు. 'మిస్టిక్ స్టైలెజ్' వచ్చేటప్పటికి ఆమెకు పదిహేనేళ్లు. అంతమంది మగవాళ్ల మధ్య ఒక్కతే అమ్మాయి, అయినా ఎవరికీ తగ్గకుండా పాడింది. ఆడవాళ్ల గురించి ఆ పాటల్లో వాడిన మాటలు నాకు ఇప్పటికీ మింగుడుపడవు. ఆమె గొంతు కోసమే వింటాను. ఆస్కార్ నాటికి ఆమె గ్రూపులో లేదు, మరో ర్యాపర్ కూప్‌స్టా నిక్కా కూడా లేడు. హారర్ పోయిందా ఉందా అనే ముందు, దాన్ని తయారుచేసిన మనుషుల్లో ఎంతమంది మిగిలారో చూడండి. 2023 జనవరి 1న ఆమె చనిపోయింది.

రాత్రిరేడియో:
శ్రావ్య గారు చెప్పింది అసలు విషయం. ఆస్కార్ అందుకున్నవాళ్లు డీజే పాల్, జ్యూసీ జే, వాళ్లతో కలిసి ఆ పాట రాసిన మెంఫిస్ ర్యాపర్ ఫ్రేజర్ బాయ్. లార్డ్ ఇన్ఫేమస్ ఆ వేదిక మీద లేడు. నా దృష్టిలో గ్రూపుకు ప్రాణం అతనే. డీజే పాల్‌కు అన్న వరస. ఒక్కో దెబ్బకు మూడు అక్షరాలు పడేలా, మనవాళ్లు తిశ్ర గతి అంటారే, తకిట తకిట తకిట అని, అలా గొంతు పెంచకుండా మంత్రం జపించినట్టు పాడేవాడు. అరిచేవాడికంటే అలా జపించేవాడే భయపెడతాడు. 2013లో మిగోస్ అనే ర్యాప్ గ్రూపు ఆ నడకతోనే అమెరికా అంతా మోగించింది. అదే ఏడాది డిసెంబర్లో లార్డ్ ఇన్ఫేమస్ పోయాడు.

గోదారిగట్టు గారూ, గ్రేవ్‌డిగ్గాజ్‌తో పోలిక ఇక్కడ కుదరదు. అందులోని రిజా, ప్రిన్స్ పాల్ అప్పటికే పేరున్నవాళ్లు. వాళ్లకు హారర్ ఒక వేషం, వేసుకుని తీసేశారు. మెంఫిస్ వాళ్లకు అదే పునాది. ఇప్పుడు రీల్స్‌లో కార్ల వీడియోల వెనక మోగే ఫోంక్ సంగీతం ఆ టేపుల్లోంచే పుట్టింది. మన కుర్రాళ్లు పేరు తెలియకుండానే రోజూ వింటున్నారు.

గోదారిగట్టు:
తకిట సంగతి బాగా చెప్పారు, ఆ లెక్కన మన 'నాటు నాటు'దీ అదే నడక. కానీ అన్నా, ఫోంక్ చేసేవాళ్లు టేపుల్లోంచి గరగరనీ బీటునీ తీసుకుని, మాటల్ని చాలావరకు ముక్కలు చేసి పక్కన పెట్టారు. మాటల్లేకుండానే అది నిలబడిందంటే, ఆ చంపుడు మాటలు దేనికి? సంగీతానికి వంద మార్కులు వేస్తాను. ఆ రాతకి మాత్రం వెయ్యను.

రాత్రిరేడియో:
రాత లేకపోతే లార్డ్ ఇన్ఫేమస్ ఆ గొంతుతో జపించేది దేన్ని? అతని వరసల్లోంచి మాటలు తీసేసి ఒకసారి వినండి, తర్వాత మాట్లాడుకుందాం.