ఈస్ట్రోజెన్ ఒకసారి ఎల్‌హెచ్‌ను ఆపుతుంది, ఇంకోసారి పొంగిస్తుంది. ఇదెలా?

వెటర్నరీ_రెండో_ఏడు

అందరికీ నమస్కారం. పునరుత్పత్తి హార్మోన్ల పాఠం దగ్గర నాలుగు రోజులుగా ఆగిపోయాను. మెదడులో హైపోథాలమస్ జీఎన్‌ఆర్‌హెచ్ అనే హార్మోన్ వదులుతుంది, దాంతో పీయూష గ్రంథి ఎఫ్‌ఎస్‌హెచ్, ఎల్‌హెచ్ అనే హార్మోన్లు వదులుతుంది, వాటితో అండాశయంలో ఫాలికల్ (అండం ఉండే నీటి సంచి) పెరిగి ఈస్ట్రోజెన్ తయారవుతుంది, ఆ ఈస్ట్రోజెన్ పైకి వెళ్లి ‘ఇక చాలు’ అని ఎల్‌హెచ్‌ను తగ్గిస్తుంది. ఇంతవరకు బాగానే ఉంది. పేజీ తిప్పగానే అదే ఈస్ట్రోజెన్ వల్ల ఎల్‌హెచ్ ఒక్కసారిగా పొంగి అండం విడుదలవుతుందని రాసి ఉంది. ఒకే హార్మోన్ రెండు వ్యతిరేక పనులు ఎలా చేస్తుంది?

ఇంకోటి. ఆవులో కార్పస్ లూటియం (అండం విడుదలైన చోట ఏర్పడి, చూడిని నిలిపే ప్రొజెస్టెరాన్ హార్మోన్‌ను వదిలేది) 16, 17 రోజులకు కరిగిపోతుంది, చూడి కడితే మాత్రం ఉండిపోతుంది. చూడి కట్టిన సంగతి అండాశయానికి ఎవరు చెప్తారు? బట్టీ పట్టి రాసేయొచ్చు కానీ రేపు పశువు ముందు నిలబడ్డప్పుడు బట్టీ పనికి రాదు కదా, అందుకే అడుగుతున్నాను.

ఫిజియాలజీ_పాఠాలు

మంచి చోటే ఆగారు. పుస్తకంలో బాణం గుర్తులు చూస్తే హార్మోన్ అంటే ఒక ఆజ్ఞ అనిపిస్తుంది. నిజానికి ఎంత ఉంది, ఎంతసేపు ఉంది, పక్కన ఇంకే హార్మోన్ ఉంది అన్న మూడింటిని బట్టి దాని అర్థం మారిపోతుంది.

ఎద చక్రం మధ్యలో ప్రొజెస్టెరాన్ ఎక్కువ, ఈస్ట్రోజెన్ తక్కువ. అప్పుడు రెండూ కలిసి పైనున్న గ్రంథుల్ని అణిచి ఉంచుతాయి. కార్పస్ లూటియం కరిగి ప్రొజెస్టెరాన్ పడిపోయాక పెద్ద ఫాలికల్ ఈస్ట్రోజెన్‌ను ధారాళంగా వదులుతుంది. అది కొన్ని గంటల పాటు ఎక్కువ మోతాదులో అలాగే నిలబడితే హైపోథాలమస్ స్పందన తిరగబడి జీఎన్‌ఆర్‌హెచ్ పొంగుతుంది, దాని వెంట ఎల్‌హెచ్ కూడా. జీఎన్‌ఆర్‌హెచ్ వదిలే న్యూరాన్లకు ఈస్ట్రోజెన్ సంకేతాన్ని అందించేవి వేరే న్యూరాన్లు, కిస్‌పెప్టిన్ తయారుచేసేవి. ఎలుకల మెదడులో ఇవి రెండు గుంపులుగా స్పష్టంగా కనిపిస్తాయి, ఒక గుంపును ఈస్ట్రోజెన్ అణిస్తే రెండో గుంపును రెచ్చగొడుతుంది. మీ ప్రశ్నకు సగం జవాబు అక్కడే ఉంది. హార్మోన్ ఒకటే, అందుకునే కణాలు వేరు.

‘ఎంతసేపు’ అన్నదానికి నాకు బాగా నచ్చిన ప్రయోగం ఒకటి చెప్తాను. 1978లో నోబిల్ (Knobil) అనే శాస్త్రవేత్త బృందం కోతులకు సొంత జీఎన్‌ఆర్‌హెచ్ లేకుండా చేసి బయటి నుంచి ఇచ్చింది. గంటకోసారి కొద్దికొద్దిగా ఇస్తే ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ మామూలుగా వచ్చాయి. అదే హార్మోన్‌ను ఆపకుండా ధారగా ఇస్తే రెండూ పడిపోయాయి! మగ కుక్కల్లో తాత్కాలికంగా సంతానం కలగకుండా చర్మం కింద పెట్టే డెస్లోరెలిన్ ఇంప్లాంట్ పనిచేసేది ఈ సూత్రం మీదే. మొదట కొన్నాళ్లు టెస్టోస్టెరాన్ పెరుగుతుంది, ఆ తర్వాత పీయూష గ్రంథి స్పందించడం మానేస్తుంది.

పశువుల_డాక్టర్

రెండో ప్రశ్నకు నేను చెప్తాను, చేత్తో తడిమి నేర్చుకున్న విషయం కాబట్టి.

ఆవు పేడదారిలో చెయ్యి పెట్టి అండాశయాన్ని వేళ్ల మధ్య పట్టుకుంటే కార్పస్ లూటియం చిన్న కిరీటంలా పైకి పొడుచుకుని తగులుతుంది, గట్టిగా, కాలేయం ముక్కలా. ఫాలికల్ అలా ఉండదు, నీళ్లు నిండిన బొబ్బలా మెత్తగా నొక్కుకుపోతుంది. గేదెలో కార్పస్ లూటియం లోపలికి కూరుకుని ఉంటుంది, అందుకే కొత్తవాళ్లు మోసపోతారు, స్కానింగ్ ఉంటే మంచిది.

ఆ కిరీటాన్ని కరిగించేది గర్భాశయం. గ్రంథుల పట్టికలో దాని పేరు ఉండదు గానీ కార్పస్ లూటియంను కరిగించే ప్రోస్టాగ్లాండిన్ ఎఫ్‌2ఆల్ఫా అనే పదార్థం వచ్చేది అక్కడి నుంచే. అది రక్తంలో అన్ని చోట్లా తిరిగి వస్తే ఊపిరితిత్తుల్లోనే చాలావరకు నాశనమైపోతుంది. అందుకని ఆవులో, గొర్రెలో దానికి దగ్గరి దారి ఉంది. అండాశయ ధమని గర్భాశయం నుంచి వచ్చే సిరను మెలికలు తిరిగి అంటుకుని ఉంటుంది, ప్రోస్టాగ్లాండిన్ సిరలోంచి నేరుగా ధమనిలోకి దిగి అండాశయానికి చేరుతుంది. ఆవుకు గర్భాశయం తీసేస్తే కార్పస్ లూటియం కరగకుండా నెలల తరబడి ఉండిపోతుంది. మనుషుల్లో అలా జరగదు, గర్భాశయం తీసేసినా అది తన సమయానికే పోతుంది.

చూడి కడితే పిండమే ఆపుతుంది. 16వ రోజుకల్లా పిండం పొడవాటి దారంలా సాగి ఇంటర్‌ఫెరాన్ టౌ అనే ప్రోటీన్ వదులుతుంది. వైరస్ సోకినప్పుడు ఒంట్లో తయారయ్యే ఇంటర్‌ఫెరాన్ల కుటుంబమే ఇది. దానివల్ల గర్భాశయం లోపలి పొరలో ఆక్సిటోసిన్ రిసెప్టర్లు (ప్రోస్టాగ్లాండిన్‌ను వదిలించే ఆక్సిటోసిన్ హార్మోన్‌ను అందుకునేవి) పెరగవు, ప్రోస్టాగ్లాండిన్ విడతలు విడతలుగా రాదు, కార్పస్ లూటియం బతుకుతుంది. పిండం బలహీనంగా ఉండి ఆ కబురు సమయానికి అందించలేకపోతే ఆవు 21 రోజులకు మళ్లీ ఎదకొస్తుంది, మనం ‘పొర్లింది’ అంటాం.

ఒక హెచ్చరిక, నా తప్పు నుంచే. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక పెయ్య ఎదకు రావట్లేదని పిలిచారు. తడిమితే కార్పస్ లూటియం బాగా తగిలింది. చూడికి ఇంకా ఏమీ చేయించలేదన్నారు, నేను గర్భాశయం సరిగా చూడకుండా ప్రోస్టాగ్లాండిన్ ఇంజెక్షన్ ఇచ్చేశాను. మూడో రోజుకు ఈసుకుపోయింది, రెండు నెలల చూడి. ఎప్పుడో మేతలో ఆంబోతు దాటిన సంగతి వాళ్లకూ తెలియదు. వాళ్ల ముఖాలు నాకు ఇప్పటికీ గుర్తున్నాయి. ఎవరేం చెప్పినా చూడి లేదని మీ చేత్తో మీరు తేల్చుకున్నాకే ఆ సిరంజి తియ్యండి.

గొర్రెల_ల్యాబ్

పీయూష గ్రంథిని ‘రాజగ్రంథి’ అని నేర్పడం వల్లే ఈ గందరగోళం అంతా అని నా అభిప్రాయం. పీనియల్ గ్రంథినే చూడండి. రాత్రి ఎంత పొడుగ్గా ఉంటే అంతసేపు మెలటోనిన్ వదులుతుంది. చలి దేశాల గొర్రెలు పొద్దు తగ్గే కాలంలో ఎదకొస్తాయి, గుర్రాలు పొద్దు పెరిగే కాలంలో. మెలటోనిన్ కబురు రెండింటికీ ఒకటే, అర్థం చేసుకోవడం తలకిందులు. ఫిజియాలజీ గారు చెప్పిందే ఇది కూడా.

ఇక ఈనే సమయం. అది తల్లి నిర్ణయం అనుకుంటాం గానీ గొర్రెలో పిల్లదే. న్యూజిలాండ్‌లో లిగిన్స్ అనే పరిశోధకుడు 1960లలో కడుపులోని పిల్ల పీయూష గ్రంథిని పాడుచేస్తే నెలలు నిండినా తల్లి ఈనలేదు. పిల్లకు కార్టిసోల్ ఇస్తే ముందుగానే ఈనింది. పిల్ల అడ్రినల్ గ్రంథి నుంచి వచ్చే కార్టిసోల్ వల్ల మాయలో ప్రొజెస్టెరాన్ తగ్గి ఈస్ట్రోజెన్ పెరుగుతుంది, అక్కడి నుంచి నొప్పులు మొదలు. అమెరికాలో వెరాట్రమ్ అనే మొక్కను చూడి 14వ రోజున మేసిన గొర్రెలకు ఒంటికన్ను పిల్లలు ఏర్పడేవి. పీయూష గ్రంథి సరిగ్గా లేని అలాంటి పిల్లలు కడుపులో ఉంటే రోజులు దాటిపోయినా ఈత రాకపోవడం కాపరులు ఏ ల్యాబూ లేకుండానే చూశారు.

వెటర్నరీ_రెండో_ఏడు

అందరికీ చాలా చాలా థాంక్స్, డాక్టర్ గారూ మీ పెయ్య సంగతి మర్చిపోను. ఒక్క అనుమానం. ప్రొజెస్టెరాన్ మాయ నుంచి కూడా వస్తుంటే, అరవై రోజుల చూడి గొర్రెకు పొరపాటున ప్రోస్టాగ్లాండిన్ పడితే కూడా ఈసుకుపోతుందా?

పశువుల_డాక్టర్

గొర్రెలో దాదాపు యాభై రోజులు దాటాక మాయే సరిపడా ప్రొజెస్టెరాన్ ఇస్తుంది, కాబట్టి కార్పస్ లూటియం పోయినా చూడి సాధారణంగా నిలబడుతుంది. ఆవులో అయిదు నెలల వరకు ఆ భరోసా లేదు. మేకలో, పందిలో ఈనేదాకా కార్పస్ లూటియమే ఆధారం, ఎప్పుడు ఇచ్చినా పోతుంది. గొర్రెలూ మేకలూ కలిసి ఉన్న మందలోకి వెళ్లినప్పుడు దేనికి ఇస్తున్నారో రెండుసార్లు చూసుకోండి.